ఈ-పుస్తకానికి వెల వేసేది ఎవరు? అపోహలు - వాస్తవాలు

ఈ-పుస్తకాలను తయారు చేసి, వాటికి ధరలు నమోదు చేయడం నా వృత్తి. పాఠకులు, కొత్త రచయితలు ధరల గురించి నన్ను అడిగే ప్రశ్నలలో కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తాయి. 2010-2014 మధ్య అమెరికాలో అమెజాన్‌కూ పెద్ద ప్రచురణ సంస్థలకూ జరిగిన పోరును సగమే తెలుసుకోవడం వల్ల పుట్టినవే వాటిలో ఎక్కువ.

అపోహ: అమెజాన్ 9.99 డాలర్లకే అమ్మడం వల్ల ప్రచురణకర్తలు ప్రతి కాపీ మీదా నష్టపోయారు.

వాస్తవం: ఆ నష్టం అమెజాన్‌ది. 2007 నవంబరులో అమెజాన్ ఈ-పుస్తక పఠన పరికరం కిండిల్ వచ్చేనాటికి నడుస్తున్నది హోల్‌సేల్ పద్ధతి. అట్ట మీద అచ్చువేసిన వెలలో కమిషన్ మినహాయించుకుని మిగతాది చెల్లించే మన పుస్తకాల షాపుల లెక్క వంటిదే అది. ఉదాహరణకు, 26 డాలర్ల వెల వేసిన పుస్తకానికి ప్రచురణకర్తకు దాదాపు 13 డాలర్లు ముట్టేవి; దానిని 9.99కే అమ్మితే తేడాను అమెజాన్ భరించేది. అయితే కొత్త పుస్తకమంటే పది డాలర్లేనన్న అలవాటు పాఠకులలో స్థిరపడితే గట్టి అట్ట ప్రతుల అమ్మకం దెబ్బతింటుందనీ, పోటీ దుకాణాలన్నీ మూతపడ్డాక తమకు చెల్లించే మొత్తాన్ని కూడా తగ్గించమని అదే అమెజాన్ అడుగుతుందనీ ప్రచురణకర్తలు భయపడ్డారు. ఆ భయం సహేతుకమైనదేనని నా అభిప్రాయం.

అపోహ: కాపీకి మరింత రాబడి కోసమే ప్రచురణకర్తలు ఏజెన్సీ పద్ధతికి మారారు.

వాస్తవం: నిజానికి వారి రాబడి తగ్గింది. 2010లో ఐప్యాడ్‌తో పాటు ఆపిల్ తెచ్చిన ఈ పద్ధతిలో వెల ప్రచురణకర్తే వేస్తాడు, దుకాణం 30 శాతం తీసుకుంటుంది. 12.99 డాలర్లకు అమ్మిన పుస్తకంపై ప్రచురణకర్తకు మిగిలేది 9.09 డాలర్లు. పై ఉదాహరణలోని 13 డాలర్లను వదులుకుని వారు దీనిని కోరుకున్నారంటే, వెల వేసే హక్కు వారికి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఆ హక్కుకు మూల్యం రచయిత కూడా చెల్లించాడు. పెద్ద సంస్థల ఒప్పందాలలో ఈ-పుస్తకంపై సంస్థకు ముట్టినదానిలో 25 శాతం రచయితకు ఇవ్వడం వాడుక కనుక, పాత లెక్కన 3.25 డాలర్లు రావలసిన చోట 2.27 మాత్రమే వచ్చింది. రచయితల పక్షాన పోరాడుతున్నామని చెప్పిన సంస్థలు ఈ లెక్కను వారి ముందు విప్పి చెప్పవలసింది.

అపోహ: ఏజెన్సీ పద్ధతి చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది.

వాస్తవం: కోర్టు తప్పుపట్టింది కుమ్మక్కును. హాషెట్, హార్పర్‌కాలిన్స్, మాక్‌మిలన్, పెంగ్విన్, సైమన్ అండ్ షూస్టర్ సంస్థలు ఆపిల్‌తో కలిసి ధరలు పెంచాయని అమెరికా న్యాయశాఖ 2012 ఏప్రిల్‌లో దావా వేసింది. ప్రచురణ సంస్థలు రాజీపడగా, పోరాడిన ఆపిల్‌ను దోషిగా 2013 జులైలో న్యాయమూర్తి డెనిస్ కోట్ నిర్ధారించారు. 2016లో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి నిరాకరించడంతో ఆపిల్ 45 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఏజెన్సీ పద్ధతి మాత్రం నిలిచింది. విడివిడి ఒప్పందాలతో పెద్ద సంస్థలన్నీ మళ్లీ దానికే చేరుకున్నాయి.

అపోహ: దుకాణం చేతిలో ఉన్న ఆయుధం తగ్గింపు ధర ఒక్కటే.

వాస్తవం: 2010 జనవరి చివరలో మాక్‌మిలన్ అధిపతి జాన్ సార్జెంట్ అమెజాన్ ప్రధాన కార్యాలయమున్న సియాటిల్ వెళ్లి ఏజెన్సీ పద్ధతి షరతులు చెప్పగానే, ఆ సంస్థ ముద్రిత పుస్తకాలకు సైతం అమెజాన్‌లో కొనుగోలు బటన్ మాయమైంది. కొద్ది రోజులకే అమెజాన్ వెనక్కి తగ్గింది. 2014లో ఒప్పందంపై పేచీ వచ్చినప్పుడు అమెజాన్ హాషెట్ పుస్తకాలకు ముందస్తు ఆర్డర్లు ఆపి, పంపిణీని వారాల తరబడి ఆలస్యం చేసింది. ఆ ఏడాది ఆగస్టులో 900 మందికి పైగా రచయితలు అమెజాన్ తీరును తప్పుపట్టే బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. నవంబరులో కుదిరిన ఒప్పందంతో వెల వేసే హక్కు హాషెట్‌కు దక్కింది.

అపోహ: ప్రచురణకర్త లేకుండా నేరుగా అమ్ముకునే రచయిత తన వెల తానే స్వేచ్ఛగా వేసుకుంటాడు.

వాస్తవం: కిండిల్‌లో స్వయంగా ప్రచురించుకునేవారికి 2010లో ఇచ్చిన 70 శాతం రాయల్టీ, అమెరికాలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరకే వర్తించింది. ఆ పరిధి దాటితే 35 శాతమే. 9.99కి అమ్మితే, ఫైలు పంపిణీ రుసుము మినహాయించక ముందు, 6.99 డాలర్లు వస్తాయి, 10.99కి అమ్మితే 3.85 మాత్రమే. 6.99 డాలర్లు మళ్లీ చేతికి రావాలంటే ఆ రచయిత తన పుస్తకానికి దాదాపు 20 డాలర్ల వెల వేయాలి.