వంద వరకు గడగడా చెప్తే పదులు వచ్చినట్టేనా?

"మా పాపకు వంద దాకా వచ్చేసింది మేడం, ఇంకా పుల్లలతో ఆడిస్తారేంది?" అనంతపురం పక్కన చిన్న తరగతులకు లెక్కలు చెప్తున్న నాకు ప్రతి జూన్‌లోనూ తప్పని ప్రశ్న ఇది. వరస తప్పకుండా చెప్పడం వేరు, పదులూ ఒకట్లూ తెలియడం వేరు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూసుకోండి. 34 చింతగింజలు పోసి, ఎన్నో లెక్కపెట్టి రాయమనండి. రాశాక, అందులోని 4కు ఎన్ని గింజలో తీసి పెట్టమనండి. నాలుగు పెడతారు. 3కు? చాలామంది మూడే పెడతారు! మిగిలిన 27 ఎక్కడివంటే బిక్కమొహం వేస్తారు.

దీని దెబ్బ తీసివేతల్లో తగులుతుంది. 52లోంచి 27 తీయమంటే 35 అని రాస్తారు, 7లోంచి 2 తీసేసి. "పక్కన అరువు తెచ్చుకో" అని నేర్పుతాం. తెచ్చిన ఒకటి ఇక్కడికి రాగానే పది ఎట్లా అయిందో మాత్రం చెప్పం.

అందుకే పొరక పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పది లెక్కపెట్టి కట్ట కట్టే పని పిల్లలదే. మనం కట్టి ఇస్తే సగం పాఠం పోయినట్టే. పోయినేడు రెండో తరగతి పాప ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకుని, ఏడు ఎట్లా తీయాలా అని చాలాసేపు చూసి, "కట్ట ఇప్పొచ్చా మేడం?" అంది. ఇప్పితే పన్నెండయ్యాయి. ఏడు తీస్తే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. అరువు అనే మాట ఆ తర్వాతే బోర్డు మీద రాశాను. (వేరుశెనగ గింజలు మాత్రం వాడకండి. మా జిల్లాలో పీరియడ్ అయ్యేలోపు ఒకట్లన్నీ కడుపులోకి పోతాయి.)

పూసల చట్రంతో మొదలుపెడితే చాలదా? చాలదు. పదుల కడ్డీలో పూసా, ఒకట్ల కడ్డీలో పూసా ఒకే సైజు. పది రూపాయల నోటుదీ అదే కథ, ఇప్పి చూడలేరు. కట్టలు బాగా అలవాటయ్యాకే ఇవి.

ఖరీదైన కిట్లు అక్కర్లేదు. పుల్లలకు అలవాటు పడి వదలరన్న భయమూ వద్దు. లెక్కపెట్టే విసుగుకు వాళ్లే పదికి గీత, ఒకటికి చుక్క పెట్టుకోవడం మొదలుపెడతారు.

ఇక, ఫలానా స్కూల్లో ఒకటో తరగతికే వెయ్యి దాకా రాయిస్తున్నారట అనే వాట్సాప్ కబుర్లు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలే ఒకటో తరగతికి 99, రెండుకు 999 వరకు. ఎవరితో పందెం?

మూడో తరగతికొచ్చినా నూట ఐదును 1005 అని రాస్తున్నాడని టెన్షన్ పడే తల్లులూ, వాణ్ణి తిట్టకండమ్మా. విన్నది విన్నట్టు రాశాడు, అంతే. పది కట్టలు కలిపి తాడు కట్టండి, అది వంద మోపు. నూట ఐదుకు ఒక మోపు, ఐదు విడి పుల్లలు పెట్టించి, మధ్యలో కట్టల చోటు ఖాళీగా చూపించి, అక్కడ ఏం రాయాలో వాణ్ణే అడగండి.