నీళ్ళ డ్రమ్ములు, గాలి స్ప్రింగులు

వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా అక్కా బావా శని, ఆదివారాల్లో టిఫిన్ ట్రైలర్ నడుపుతారు. చీకటి పడే వేళకి దాన్ని ఎస్‌యూవీ వెనక తగిలించుకుని హోసకోటె వైపు అపార్ట్‌మెంట్ల దగ్గరికి తీసుకెళ్తారు. పెసరట్ల పిండి అయిపోయాక రాత్రి పదకొండింటికి ఇంటికి వస్తారు. మొదట్లో బావకి ఒకటే టెన్షన్. వెళ్ళేటప్పుడు ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది, చూసుకుంటే తన లైట్లు లో బీమ్‌లోనే ఉన్నాయి. స్టీరింగ్ కూడా పట్టు లేకుండా తేలిపోతున్నట్టు ఉంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఈ రెండు బాధలూ లేవు. బండీ అదే, ట్రైలరూ అదే, రోడ్డూ అదే.

ఎద్దుల బండి తోలినవాళ్ళకి ఇందులో సగం తెలిసిన సంగతే. మూటలు ఇరుసుకి ముందు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నొక్కుతుంది. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి. ట్రైలర్ కూడా ఒంటి ఇరుసు బండే. కాడి మీద పడాల్సిన బరువు ఇక్కడ ఎస్‌యూవీ వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనప గుండు, అంటే హిచ్ బాల్ మీద పడుతుంది. ఎంత పడుతోందో చూద్దామని పాత పేపర్ల కొట్టు నుంచి తూకం తెచ్చి, ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి, దాని ముందు కొస తూకం మీద ఉండేలా కింద చెక్క మొద్దు పెట్టాం. 150 కిలోలు. వేబ్రిడ్జిలో మొత్తం ట్రైలర్ 900 కిలోలు తూగింది.

హిచ్ బాల్ వెనక టైర్ల మీద ఉండదు, వాటికి వెనకగా ఉంటుంది. మా బండికి ఆ దూరం 1.2 మీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.75 మీటర్లు. అంటే బండి మొత్తం ఒక తులాదండం, వెనక ఇరుసే దానికి ఆనిక. బాల్ మీద 150 కిలోలు పడితే ముందు చక్రాల మీద నుంచి 65 కిలోలు లేచిపోతాయి. అవి కూడా వచ్చి కలవడంతో వెనక ఇరుసు మీద అదనంగా పడేది 150 కాదు, 215 కిలోలు. ఒక్కో స్ప్రింగు మిల్లీమీటరు కుంగడానికి 3 కిలోలు కావాలనుకుంటే, వెనక దాదాపు 35 మిల్లీమీటర్లు కుంగుతుంది, ముందు 10 లేస్తుంది. చూపుకి ఏమంత తేడా అనిపించదు. కానీ ఆ వాలు వల్ల 25 మీటర్ల అవతల లైటు వెలుగు 40 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. లో బీమ్ దూరం వెళ్ళే కొద్దీ నేల వైపు వాలాలి. మా బావ బండిలో అది ఎదుటి డ్రైవర్ కళ్ళలోకి వెళ్తోంది.

కుంగిన వెనక భాగాన్ని ఎత్తడానికి ఇనప స్ప్రింగు మార్చేసి గట్టిది వేయించుకునేవాళ్ళు ఉన్నారు. నాకది నచ్చదు. ట్రైలర్ లేని అయిదు రోజులూ ఇంటిల్లిపాదీ ఆ గట్టి స్ప్రింగు మీద ఎగిరిపడాల్సిందే. బరువు ఉన్నప్పుడు మాత్రమే గట్టిపడే స్ప్రింగు కావాలి. ఆ గుణం గాలికి ఉంది.

ఇనప స్ప్రింగు ఎంత లాగితే అంత బలంతో తిరగబడుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. అంతకు ముందే, 1662లో, గాలిని సగానికి నొక్కితే దాని ఒత్తిడి రెట్టింపవుతుందని రాబర్ట్ బాయిల్ చూపించాడు. హుక్ బాయిల్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే; గాలి మీద బాయిల్ మొదట చేసిన ప్రయోగాలకి వాడిన గాలి పంపును తయారుచేసింది కూడా అతనే. గాలికున్న ఈ తిరగబడే గుణానికి బాయిల్ వాడిన మాట కూడా ‘స్ప్రింగు’ అనే! ఇద్దరి సూత్రాలకీ ఉన్న తేడాయే మనకి పనికొస్తుంది. ఇనుము మొదటి సెంటీమీటరుకి ఎంత ఎదురు నిలుస్తుందో అయిదో సెంటీమీటరుకీ అంతే నిలుస్తుంది. గాలి నొక్కే కొద్దీ మొండికేస్తుంది.

బెంగళూరు నుంచి హైదరాబాదుకో విజయవాడకో రాత్రి వోల్వోలో వెళ్ళినవాళ్ళందరూ గాలి స్ప్రింగుల మీద నిద్రపోయినవాళ్ళే. ఊళ్ళో తిరిగే లో ఫ్లోర్ వోల్వో బస్టాపులో ‘ఫుస్స్’ మంటూ ఎక్కేవాళ్ళ వైపు వంగేది కూడా ఆ స్ప్రింగుల్లో గాలి వదిలేయడం వల్లే. బస్సు ఖాళీగా ఉన్నా నిండినా ఎత్తు మారకుండా ఒక వాల్వు తనంతట తానే గాలి నింపుతూ, తీస్తూ ఉంటుంది. ఎస్‌యూవీకైతే ఇనప స్ప్రింగు చుట్ల లోపల పెట్టే గాలి బ్యాగులు దొరుకుతాయి. ఈ సాదా బ్యాగులకి ఆ వాల్వు ఉండదు, గాలి మనమే కొట్టుకోవాలి.

బావ బండికి బ్యాగులు బిగించింది మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్. ఆ పని మొత్తం పక్కనే కూర్చుని చూశాను. బాడీని జాకీ మీద ఎత్తితే చక్రాలు కిందికి వేలాడి, స్ప్రింగు చుట్లు విచ్చుకున్నాయి. స్ప్రింగు మరీ కుంగినప్పుడు దెబ్బ తగలకుండా అడ్డుకునే లోపలి రబ్బరు ముక్క, బంప్ స్టాప్, తీసేశాడు. డబ్బాలా ఉన్న బ్యాగులో గాలంతా పిండేసి, మూత బిగించి, చాపలా చుట్టి, చుట్ల సందులోంచి లోపలికి తోశాడు. మూత తీయగానే అది గాలి పీల్చుకుని తన ఆకారానికి వచ్చేసింది. సైలెన్సర్ వేడి తగలకుండా ట్యూబు తిప్పి తెచ్చి, గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పోశాడు. ఒక జాయింటు దగ్గర ఆవగింజంత బుడగలు వరసగా వచ్చాయి. ట్యూబు కొస వంకరగా కోయడం వల్లట. నిటారుగా కోసి మళ్ళీ తొడిగాక ఆగిపోయాయి.

రెండు బ్యాగులకీ ఒకే ట్యూబు కలిపితే గాలి కొట్టడం సులువు కదా అని బావ అడిగాడు. “వద్దు సార్, మలుపులో ఒరిగిపోతుంది” అన్నాడతను. నిజమే. మలుపులో బయటి వైపు బ్యాగు నలిగినప్పుడు అందులోని గాలి రెండో దానిలోకి పారిపోతుంది. బలం కావాల్సిన వైపే మెత్తబడుతుంది. అందుకే దేని ట్యూబు దానికే, దేని వాల్వు దానికే.

బ్యాగు వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. పాత బరువు ఇనప స్ప్రింగు మోస్తూనే ఉంది కాబట్టి కొత్తగా పడిన దాన్ని మాత్రమే బ్యాగు మోయాలి, వైపుకి 108 కిలోలు. లెక్క వేస్తే 20 పీఎస్ఐ. కారు టైరులో ఉండే గాలి కంటే తక్కువే! ట్రైలర్ లేనప్పుడు కూడా బ్యాగుని పూర్తిగా ఖాళీ చేయకూడదు. 5 పీఎస్ఐ అయినా ఉంచకపోతే అది ముడుచుకుని చుట్ల మధ్య నలిగి చిరిగిపోతుంది.

ఆ వారం ఎవరూ డిప్పర్ కొట్టలేదు. కానీ స్టీరింగ్ అలాగే తేలిపోతోంది.

గాలి బ్యాగుల గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా దాటేసే విషయం ఇదే, నేను ఈ వ్యాసం రాస్తున్నదీ దీని కోసమే. ముందు చక్రాల మీద నుంచి లేచిపోయిన 65 కిలోల లెక్కని మరోసారి చూడండి. అందులో బాల్ మీది బరువుంది, రెండు దూరాలున్నాయి. స్ప్రింగు ఊసే లేదు. వెనక ఇనుము పెట్టినా, గాలి పెట్టినా, చెక్క దుంగ పెట్టినా ఆ 65 కిలోలు ముందుకి తిరిగి రావు. బ్యాగు ఎత్తుని సరిచేస్తుంది, బరువు పంపకాన్ని కాదు. బండి సమంగా కనిపిస్తుంది కాబట్టి అంతా సరిగ్గా ఉందని నమ్మేస్తాం, అదే దీనిలో ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు, తిప్పినప్పుడు పని చేయాల్సిన ముందు టైర్లకి పట్టు తక్కువే. భారీ ట్రైలర్లకి కొంత బరువుని ముందుకి తోసే స్ప్రింగు కడ్డీల హిచ్‌లు వేరే ఉన్నాయి. మాకు అంత దూరం వెళ్ళాల్సిన పని పడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బాధ ఎందుకు లేదో అక్కే పట్టుకుంది. వెళ్ళేటప్పుడు ట్రైలర్ ముందు గోడకి ఆనించి రెండు నీళ్ళ డ్రమ్ములు నిండుగా ఉంటాయి, 100 లీటర్లు. వచ్చేటప్పటికి అవి ఖాళీ. ట్రైలర్ ఇరుసు నుంచి హిచ్‌కి 3 మీటర్లు, డ్రమ్ములకి 2.4 మీటర్లు. అంటే ఆ 100 కిలోల్లో 80 బాల్ మీదే పడుతున్నాయి. డ్రమ్ముల్ని ఇరుసుకి 60 సెంటీమీటర్ల ముందుకి మారిస్తే 20 మాత్రమే పడతాయి. మొత్తం 150 కాస్తా 90 అయింది, ట్రైలర్ బరువులో పదో వంతు. ముందు చక్రాల నుంచి లేచేది 39 కిలోలకి దిగింది. బ్యాగులకి 12 పీఎస్ఐ సరిపోయింది.

అలాగని డ్రమ్ముల్ని ఇరుసు వెనక్కి తోసేసి బాల్ మీద బరువే లేకుండా చేయకూడదు. వెనక బరువెక్కిన ట్రైలర్ వేగం పెరిగే కొద్దీ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఒక్కో ఊపుకీ ఇంకా ఎక్కువగా ఊగుతుంది. ఆ ఊపుకి ఏ గాలి బ్యాగూ మందు కాదు.

షాక్ అబ్జార్బర్ల సంగతి కూడా చెప్పాలి. బ్యాగు వేస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, పైన బరువూ ఉంటుంది. ఆ ఊగుని అణచాల్సిన పాత షాక్ అబ్జార్బర్‌కి పని పెరుగుతుంది. 20 పీఎస్ఐ ఉన్నప్పుడు మా లెక్కలో దాని పట్టు నాలుగో వంతు తగ్గినట్టే. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకోకుండా రెండు మూడుసార్లు ఊగితే అవి మార్చాల్సిందే.

బ్యాగు వేశాం కాబట్టి ఎక్కువ బరువు వేయవచ్చనుకోవడం తప్పు. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే. టైరు పక్కన సైజు తర్వాత 110 అని ఉంటే అది ఒక్కోటీ మోయగలిగేది 1060 కిలోలు, అంతే. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్ష పెడుతుంది కాబట్టి ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ట్రైలర్ నేల మీద అక్క ఎర్ర పెయింటుతో రెండు గుండ్రాలు గీసింది. సామాను సర్దే కుర్రాడు మారినా డ్రమ్ములు వాటిలోనే కూర్చుంటున్నాయి.