ప్రోటియా ఆకులు ఎందుకు నల్లబడ్డాయి?

మా అక్క కూతురి రిసెప్షన్ విశాఖ బీచ్ రోడ్డులో. చేతిలో బొకేకి, స్టేజి డెకరేషన్‌కి కింగ్ ప్రోటియాలు కావాలని తనే అడిగింది. ముందురోజు సాయంత్రం అట్టపెట్టెల్లో పూలు దిగాయి. మూత తీసి చూస్తే పువ్వులు చెక్కు చెదరలేదు. కింద ఆకులు మాత్రం పెనం మీద మాడినట్టు నల్లగా ఉన్నాయి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. "పాత సరుకు అంటగట్టారు" అన్నారు మా బావగారు. నేను కాలేజీలో బోటనీ చెప్తాను కాబట్టి అందరూ నా వైపు చూశారు. పూలు పాతవి కావనీ, ఆ నలుపు వెనక వేరే కథ ఉందనీ ఆ హడావిడిలో రెండు ముక్కల్లోనే చెప్పగలిగాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఈ పువ్వు పేరు విశాఖ వాళ్లకి కొత్తేమీ కాదు. 2019 అక్టోబరులో మన మధురవాడ స్టేడియంలో రోహిత్ శర్మ టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగి, రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టింది సౌతాఫ్రికా మీదే. ఆ జట్టుని ప్రోటీస్ అంటారు. కింగ్ ప్రోటియా ఆ దేశపు జాతీయ పుష్పం. ఈ జాతి మొక్కల్లో ఒకదానికొకటి పోలిక లేనన్ని రూపాలు ఉంటాయి. అందుకే కోరిన రూపం ధరించే గ్రీకు దేవత ప్రోటియస్ పేరు మీద 1735లో లినేయస్ ఈ పేరు పెట్టాడు.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుత్తి. చుట్టూ గులాబీ రంగులో నిలబడేవి రేకులు కావు, రంగు మారిన ఆకులు. మన గోడల మీద పాకే కాగితం పూలలోనూ రంగంతా ఇలాంటి ఆకులదే. అసలు పువ్వులు మధ్యలో వందల సంఖ్యలో, సన్నగా, ఒత్తుగా ఉంటాయి. గుమ్మానికి కట్టే బంతిపువ్వు కూడా చిన్న చిన్న పువ్వుల బుట్టే. కాకపోతే కింగ్ ప్రోటియా ఒక్కోటి 12 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది.

ఆ వందల పువ్వులూ తేనె తయారుచేస్తాయి. సొంత గడ్డ మీద షుగర్‌బర్డ్ అనే పొడుగు తోక పిట్ట, మన తేనెపిట్టల చుట్టాలు, కొన్ని పురుగులు దాని కోసం వస్తాయి. తేనెకి చక్కెర కావాలి. ఆ చక్కెర ఆకుల నుంచి వస్తుంది. కొమ్మ కోసిన తర్వాత కూడా పువ్వు ఆ పని ఆపదు. చెట్టు మీద ఉన్నప్పుడు ఎండలో ఆకులు కొత్త చక్కెర వండుకుంటూ ఉంటాయి. అట్టపెట్టెలో వెలుతురు లేదు, వంట లేదు, పువ్వు ఆకలి మాత్రం తగ్గలేదు. ఆకుల్లో దాచుకున్నది మొత్తం పైకి వెళ్లిపోతుంది. తిండి లేని ఆకు కణాలు చితికిపోతాయి, లోపలి రసాయనాలు గాలి తగిలి నల్లబడతాయి. కోసిన వంకాయ ముక్క నీళ్లలో వేయకపోతే ఏమవుతుందో అదే. అంటే ఆకుని తినేసింది పైనున్న పువ్వే. అందుకే ఆకు మాడినా పువ్వు కళకళలాడుతుంది.

కారణం తెలిస్తే చేయాల్సింది కూడా తెలుస్తుంది. పెట్టె రాగానే విప్పి, కొమ్మ చివర పదునైన కత్తెరతో కొద్దిగా కోసి, శుభ్రమైన నీళ్లలో కాస్త పంచదార కలిపి, బాగా వెలుతురు పడే చల్లని చోట పెట్టాలి. చాలామంది పూలన్నీ చీకటి గదిలో దాస్తారు. మల్లెమొగ్గలకి అది సరే, దీనికి చేటు. మేము నల్లబడ్డ ఆకులన్నీ దూసేసి, వాటి చోట యూకలిప్టస్ రెమ్మలు పెట్టించాం. ఫోటోల్లో ఎవరికీ తేడా తెలియలేదు.

ఇంకో మాట నా అనుభవంతో చెబుతాను. బొకేలో ఒక్క కింగ్ ప్రోటియా చాలు. కొమ్మ కట్టెలా ఉంటుంది, బరువు ఎక్కువ. పెళ్లికూతురు గంటల తరబడి దాన్ని పట్టుకుని నిలబడాలి. ముహూర్తానికి మాత్రం నా మనసు మల్లెపూల జడ, బంతిపూలు, మామిడి తోరణం దగ్గరే ఆగిపోతుంది. ప్రోటియాకి మల్లె లాంటి వాసన లేదు.

కుండీలో పెంచుకోవచ్చా అని మా అక్క అడిగింది. విశాఖలో కష్టం. దాని సొంత ఊరైన కేప్ ప్రాంతంలో చలికాలంలో వాన, ఎండాకాలంలో పొడి. మనకి ఉక్కపోతలోనే వాన. పైగా అక్కడి నేల బాగా నిస్సారం. ఉన్న కాస్త భాస్వరాన్నీ పీల్చుకోవడానికి దీని వేళ్లు కుచ్చుల్లా, ఒత్తుగా పెరుగుతాయి. అంత ఆత్రంగా పీల్చే వేళ్లకి మనం ప్రేమగా ఒక చెంచా డీఏపీ, అంటే భాస్వరం దండిగా ఉండే ఎరువు, వేస్తే అది విషమే అవుతుంది.

కానీ దీని చుట్టాన్ని మీరు చూసే ఉంటారు. అరకు దారిలో కాఫీ మొక్కలకి నీడనిస్తూ, మిరియాల తీగల్ని ఒంటికి చుట్టుకుని నిటారుగా నిలబడే సిల్వర్ ఓక్ చెట్లు ప్రోటియా కుటుంబానివే. పేరులో ఓక్ ఉన్నా ఓక్ కాదు. పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం, మనుషులే తెచ్చి నాటారు. వాటికీ కుచ్చు వేళ్లు ఉంటాయి. పూతకాలంలో తలెత్తి చూస్తే పసుపు నారింజ రంగులో దువ్వెన పళ్లలా పూలు కనిపిస్తాయి, వాటి నిండా తేనె.

రిసెప్షన్ అయ్యాక గులాబీలు రెండు రోజుల్లో రాలిపోయాయి. ప్రోటియాలని మా అక్క ఫ్యాన్ గాలికి తలకిందులుగా కట్టింది. సముద్రం పక్క గాలిలో తేమకి బూజు పడుతుందేమోనని భయపడ్డాం, పట్టలేదు. గులాబీ రంగు పోయి లేత గోధుమ రంగు వచ్చింది, ఆకారం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడది వాళ్ల హాల్లో పెళ్లి ఫోటో పక్కనే ఉంది.