నోనా నేర్పిన పాటలు

చిరంజీవులైన పిల్లలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ స్కూలు శీతాకాలపు కార్యక్రమం వీడియో అమ్మ పంపింది. నాలుగుసార్లు చూశాను. వెనక వరుసలో ఒకరు పాడకుండా పెదవులు మాత్రమే కదిపారు. ఎవరో చెప్పను. ఆ ఎనిమిది కొవ్వొత్తుల పాట ఏమిటని అడిగితే "స్పానిష్ పాట అమ్మమ్మా, చాలా పాతది" అన్నారు. మొదటి మాట సగం నిజం. రెండోది అసలు నిజం కాదు. ఫోనులో చెప్పడం మొదలుపెడితే మధ్యలో మీకు ఏదో ఒక ఆట గుర్తొస్తుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆ పాట కట్టినావిడ పేరు ఫ్లోరీ జగోడా. మీరుండే వర్జీనియాలోనే చాలా ఏళ్లు ఉంది. పుట్టింది మాత్రం 1923లో, బోస్నియాలోని సరాయెవోలో, ఒక యూదు కుటుంబంలో. చిన్నతనం చాలావరకు వ్లాసెనిట్సా అనే కొండ ఊళ్లో అమ్మమ్మ దగ్గర గడిచింది. అమ్మమ్మను వాళ్లు 'నోనా' అంటారు. ఆ ఇంట్లో పాడనివాళ్లు లేరు. పండగైనా పెళ్లయినా ఇంటిల్లిపాదీ వాయిద్యాలు పట్టుకుని కూర్చునేవారు. మన ఇంట్లో అంతమంది కలిస్తే పేకాట మొదలవుతుంది, అది వేరే సంగతి.

నోనా పాడేది ఊరి భాషలో కాదు, లాదినోలో. 1492లో స్పెయిన్ రాజు, రాణి తమ రాజ్యంలోని యూదులను మతం మారండి, లేదంటే దేశం విడిచిపొండి అన్నారు. మన లెక్కలో చెప్పాలంటే కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కడానికి పదిహేడేళ్ల ముందు. వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి టర్కీ సుల్తాను తన రాజ్యంలో చోటిచ్చాడు. అలా కొందరు బోస్నియా దాకా చేరారు. నాలుగున్నర శతాబ్దాల పాటు బజారులో ఊరి భాష మాట్లాడుతూ, ఇంటికి వచ్చి చెప్పులు విప్పగానే ఆ పాత స్పానిష్‌లోకి దిగేవారు. అందులో హీబ్రూ మాటలు, టర్కీ మాటలు కలిసి లాదినో అయింది. సగం నిజం అన్నది అందుకే. పెళ్లిలో కలిసిన మదురై అత్తయ్య తెలుగు విని మీరు ముసిముసిగా నవ్వారు, గుర్తుందా? ఆవిడ వాళ్లు తరతరాలుగా వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. ఆ రోజు ఆవిడ నోట విన్న మాటలు కొన్ని మా నాయనమ్మతోనే పోయాయనుకున్నాను.

స్పెయిన్‌లో వదిలి వచ్చిన ఇంటి తాళంచెవిని తరాలపాటు దాచుకున్నామని ఈ కుటుంబాలు చెప్పుకుంటాయి. ఫ్లోరీ దాని మీద కూడా ఒక పాట కట్టింది.

ఇప్పుడు రైలు కథ. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఫ్లోరీ జాగ్రెబ్ నగరానికి వెళ్లింది. బోస్నియా, జాగ్రెబ్ రెండూ అప్పట్లో యుగొస్లావియా అనే దేశంలో ఉండేవి. 1941 ఏప్రిల్‌లో హిట్లర్ సైన్యం ఆ దేశం మీద పడింది. జాగ్రెబ్‌లో నాజీలకు తోడుబోయిన ఉస్తాషాలు అనే క్రొయేషియా తీవ్రవాదులు అధికారంలోకి వచ్చారు. యూదులందరూ బట్టల మీద పసుపుపచ్చ గుర్తు కుట్టుకోవాలని ఆజ్ఞ జారీ అయింది. సవతి తండ్రి ఆమెకు దొంగ పేరుతో రైలు టిక్కెట్టు కొన్నాడు. ఇటలీ సైన్యం చేతిలో ఉన్న స్ప్లిట్ అనే రేవుపట్నానికి చేరితే ప్రాణం నిలుస్తుంది. ఎవరితోనూ మాట్లాడకు, అకార్డియన్ వాయిస్తూ ఉండు అని చెప్పి పంపాడు. అకార్డియన్ అంటే మన హార్మోనియాన్ని భుజాలకు తగిలించుకుని గుండెల మీద వాయించినట్టు ఉంటుంది. పదిహేడేళ్ల పిల్ల పచ్చ గుర్తు తీసేసి రైలెక్కి, దారి పొడవునా వాయిస్తూనే ఉంది. పెట్టెలోవాళ్లు చుట్టూ చేరి పాడారు. టిక్కెట్లు చూసే ఉద్యోగి కూడా వచ్చి గొంతు కలిపాడు. కాగితాలు చూపించమని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు.

ఆవిడ గురించి ఎవరు చెప్పినా ఈ రైలు దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతులే పెద్దవి.

కొన్నాళ్లకు తల్లి, సవతి తండ్రి కూడా వచ్చి కలిశారు. ఇటలీవాళ్లు శరణార్థులను కోర్చులా ద్వీపానికి తరలించారు. అక్కడ ఫ్లోరీ తిండి గింజల కోసం అకార్డియన్ పాఠాలు చెప్పింది. ఆవిడ మొదటి జీతం అదే అనుకోండి. నేనూ ముప్పై ఏళ్లు ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పినదాన్ని, ఫీజుకు బదులు గుమ్మడికాయలూ మామిడికాయలూ పుచ్చుకున్న నెలలు నాకూ ఉన్నాయి. కానీ వాటి మీద నా ఆకలి ఆధారపడలేదు.

1943లో ఇటలీ లొంగిపోయాక పడవల్లో సముద్రం దాటి ఇటలీలోని బారీ రేవుకు చేరారు. అక్కడ అమెరికా సైన్యం దగ్గర పనిచేస్తుండగా హ్యారీ జగోడా అనే సైనికుడు పరిచయమయ్యాడు. 1945లో పెళ్లి. పెళ్లి గౌను పారాచూట్ గుడ్డతో కుట్టారు. మరుసటి ఏడాది అమెరికా చేరింది.

వ్లాసెనిట్సా సంగతి ఏమైందని మీరు అడుగుతారు. మీకు చెప్పవచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఆ పాటల ఇంటివాళ్లను, నోనాతో సహా నలభై రెండు మందిని, 1942లో ఉస్తాషాలు చంపేశారు. అందరినీ ఒకే గోతిలో పూడ్చారు.

ఫ్లోరీ తల్లికి ఆ తర్వాత ఆ పాటలు వినబుద్ధి కాలేదు. ఆ రాగం వింటే ఆ మనుషులు గుర్తొచ్చేవారు. అందుకే కూతురు అమెరికాలో గిటారు, పియానో పాఠాలు చెప్పుకుంటూ, జానపద గీతాలు పాడుకుంటూ ఉన్నా, నోనా పాటల జోలికి పోలేదు. ముప్పై ఏళ్లకు పైగా! సొంత పిల్లలు ఎదిగిపోయారు. ఆ తల్లిని నేను తప్పు పట్టలేను. మీ తాతయ్య పోయాక ఆయనకు ఇష్టమైన కీర్తన నేను ఎన్నాళ్లు పాడలేదో మీ అమ్మను అడగండి.

తల్లి కన్నుమూశాకే, యాభై దాటిన వయసులో, ఫ్లోరీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. చరణం మరిచిపోతే అడగడానికి ఆ ఊళ్లో ఎవరూ లేరు. రికార్డులు చేసింది, స్వరాలతో పుస్తకం వేసింది, పిల్లలను పక్కన నిలబెట్టుకుని పాడింది. నోనా పద్ధతిలో కొత్త పాటలు కట్టింది. ఆ తర్వాత శిష్యులను చేరదీసింది. వర్జీనియాలో జానపద కళలకు ఒక పథకం ఉంది, ఒక గురువుకు ఒక శిష్యుణ్ని జత చేస్తారు. అలా సూజన్ గేటా అనే గాయని ఆవిడ దగ్గర చేరి, తర్వాత ఏళ్లతరబడి కలిసి పాడింది. నేర్పడమంటే కాగితం చేతిలో పెట్టడం కాదు. ఎదురుగా కూర్చోబెట్టి పాడి, పాడించి, మాట ఎక్కడ సాగాలో ఎక్కడ విరగాలో సరిచేయడం. మన దగ్గర గురువులు చేసేదీ అదే. 2002లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే పెద్ద గౌరవం ఆవిడకు దక్కింది. 2013లో, తొంభయ్యో ఏట, వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో శిష్యులతో కలిసి కచేరీ చేసింది. 2021 జనవరిలో, 97 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది.

మీరు పాడిన పాట ఆవిడ 1983లో రాసింది. అంటే మీ అమ్మకంటే చిన్నది! యూదుల హనుక్కా పండగలో రోజుకొక దీపం పెంచుతూ ఎనిమిది రోజులు వెలిగిస్తారు, ఆ లెక్కే ఈ పాట. అది ఎప్పటిదో పాత జానపదమనుకుని పాడేవాళ్లు ఎందరో. మీ టీచరూ అలాగే అనుకుని ఉంటారు, ఏమీ అనకండి.

వీడియో చూసి నేనూ లెక్క నేర్చుకుంటున్నాను. నాలుగు దాకా తడబడకుండా వస్తోంది. ఐదుకు 'సింత్యూ' అనాలట, నా నోటికి అది 'చింత' అయిపోతోంది. ఆదివారం ఫోను చేసినప్పుడు అక్కడ కాస్త దిద్దండి. వెనక వరుసలో నిలబడినవాళ్లు ముందు పాడాలి.

మీ
అమ్మమ్మ