"ఇంకా ఆ స్టేజ్ రాలేదండీ": అసిస్టెడ్ లివింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆదివారం పది దాటిందంటే మా అసిస్టెడ్ లివింగ్ హోమ్ గేటు ముందు కార్లు ఆగుతాయి. కొంపల్లి దాటి ఇంత లోపలికి ఊరికే ఎవరూ రారు, ఇంట్లో ఏదో ఒకటి జరిగాకే వస్తారు. ముందు రూమ్ చూస్తారు. ఏసీ ఉందా, బాత్రూమ్‌లో గీజర్ ఉందా, రాత్రికి చపాతీ పెడతారా, ఆవకాయ వెయ్యనిస్తారా అని అడుగుతారు. అన్నీ అడిగి, చెప్పులేసుకుంటూ అంటారు: "అమ్మకి ఇంకా ఆ స్టేజ్ రాలేదు సిస్టర్. మంచాన పడితే అప్పుడు చూద్దాం."

పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నేను చూసిన కుటుంబాలకు ఈ మాట తెచ్చిపెట్టినంత నష్టం మరేదీ తేలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పూర్తిగా మంచానికి పరిమితమయ్యాక చేర్పించే చోటు ఇది.

వాస్తవం: మంచాన పడ్డవాళ్ళకు కావలసింది నర్సింగ్ కేర్. దానికి స్టాఫ్ వేరు, ఖర్చు వేరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అసిస్టెడ్ లివింగ్ ఉన్నది లేచి తిరుగుతూ, కొన్ని పనులకు మాత్రం చెయ్యి ఆసరా కావలసినవాళ్ళకు. చేర్చుకునే రోజున మేం ఏడీఎల్ షీట్ నింపుతాం, అంటే రోజువారీ సొంత పనులు ఎంతవరకు చేసుకోగలరో రాసే కాగితం. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్ళడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఈ ఆరింటి లిస్టు సిడ్నీ కట్జ్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు 1963లో ప్రచురించింది. ఇప్పటికీ అదే వాడుతున్నాం.

ఆ లిస్టులో ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ ఆరూ ఒకేసారి పోవు. సాధారణంగా ముందు స్నానం దగ్గర కష్టం మొదలవుతుంది. తినడం అన్నిటికంటే చివర పోతుంది. మనవాళ్ళేమో "బాగానే తింటోందండీ" అన్నదాన్నే ఆరోగ్యానికి గుర్తుగా చెప్తారు. చివర పోయేదాన్ని చూసుకుంటూ కూర్చుంటే ముందు పోయినవి ఎలా కనిపిస్తాయి? ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అన్నం సంగతి వదిలేసి బాత్రూమ్‌లో తువ్వాలు ముట్టుకుని చూడండి. "ఇప్పుడే పోసుకున్నానురా" అన్నాక కూడా అది పొడిగా ఉంటే, పడిపోతానన్న భయంతో ఆవిడ స్నానం మానేసిందని అనుమానించాలి.

వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ టీచర్‌ని వాళ్ళబ్బాయి రెండేళ్ళలో మూడుసార్లు మా దగ్గరికి తీసుకొస్తానని, మూడుసార్లూ వాయిదా వేశాడు. రాత్రి నిద్రమాత్ర వేసుకుని, రెండింటికి బాత్రూమ్‌కి లేచి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ హాస్పిటల్లో ఉండగా మనిషి అయోమయంలో పడ్డారు. ఆ వయసులో ఆపరేషన్ తర్వాత అలా కావడం మామూలే. అక్కడి నుంచి నేరుగా మా దగ్గరికి, స్ట్రెచర్ మీద. మొదటి పది రోజులు నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగారు: "ఇది ఏ స్టేషనమ్మా? మా బండి ఎప్పుడు?"

ఆ నెలలోనే ఏఎస్ రావు నగర్ నుంచి ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని తనంతట తనే నడిచి వచ్చింది. రూములన్నీ తిరిగి, వేపచెట్టు కనిపించే కిటికీ కావాలంది. డైనింగ్ హాల్లో ఫ్యాన్ కింద కుర్చీ నాదంటూ మూడోరోజే ఒక తాతగారితో గొడవ పెట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గొడవపడే ఓపిక ఉన్నప్పుడు వచ్చినవాళ్ళకే ఆ చోటు తమదవుతుంది. స్నేహాలు కూడా అప్పుడే కలుస్తాయి.

ఇదంతా చెప్తున్న నేనేం తక్కువ తినలేదు. మా అమ్మ సూర్యాపేటలో ఒక్కతే ఉండేది. ఫోన్ చేస్తే "నాకేమే, మంచిగనే ఉన్న" అనేది. ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు మంచం కింద పాత చీరలో చుట్టిన మూటొకటి దొరికింది. విప్పితే నాలుగు పాలగిన్నెలు, అడుగంతా నల్లగా మాడిపోయి. నాకు తెలియకూడదని దాచింది. బీపీ మాత్రల స్ట్రిప్‌లో కూడా అయిపోవాల్సినవి ఇంకా తొమ్మిది ఉన్నాయి. నేను నర్సుని. రోజూ పక్కవాళ్ళ అమ్మలకు ఇవే ప్రశ్నలు వేసేదాన్ని. ఆ గిన్నెలు పీచు పెట్టి తెల్లగా తోమి, షెల్ఫులో బోర్లించి, బస్సెక్కి వచ్చేశాను. వేసవిలో ఎదురింటివాళ్ళు గ్యాస్ వాసన వచ్చి తలుపు కొడితే గానీ నాకు తెలివి రాలేదు. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది, పగలు చూసుకోవడానికి ఒక అమ్మాయి వస్తుంది. అందరూ హోమ్‌లోనే చేర్పించాలని నేననను. మాడిన గిన్నె కనిపించాక కూడా తోమి పెట్టేసి వెళ్ళిపోకండి, అంతే.

మిగతావి త్వరత్వరగా చెప్పేస్తాను.

డాక్టరు ఇరవైనాలుగు గంటలూ ఉంటారనుకుంటారు. ఇది హాస్పిటల్ కాదు. మా దగ్గర డాక్టరు విజిట్‌కి వస్తారు, మిగతా సమయం నర్సులు, కేర్‌టేకర్లు ఉంటారు. ఏ హోమ్‌కి వెళ్ళినా గీజర్ గురించి తర్వాత అడగండి. రాత్రి రెండింటికి ఎంతమందికి ఎంతమంది మెలకువగా ఉంటారు, ఎవరికైనా ఆయాసం వస్తే ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, ఫోన్ ముందు ఎవరికి చేస్తారు అనేవి ముందు అడగండి. ఆదివారం పదకొండుకి ఏ హోమ్ అయినా కళకళలాడుతుంది. వీలైతే మామూలు రోజు సాయంత్రం ఏడుకి వెళ్ళి చూడండి.

మెడిక్లెయిమ్‌లో నెల ఫీజు వస్తుందా అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. రాదు. రెస్ట్ క్యూర్ (విశ్రాంతి కోసం ఉండడం), రెస్పైట్ కేర్ (ఇంట్లో చూసుకునేవాళ్ళకు విరామం కోసం కొన్నాళ్ళు వేరేచోట ఉంచడం) అన్నవి పాలసీ మినహాయింపుల్లోనే ఉంటాయి, చదువుకోండి. 70 దాటినవాళ్ళందరికీ అని 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ కార్డు కూడా ఏడాదికి 5 లక్షల వరకు హాస్పిటల్ వైద్యానికే.

హోమ్‌లో చేరితే ఆస్తి రాయించుకుంటారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూసి చూసి విసుగొచ్చింది. ఉండేది డిపాజిట్, నెల ఫీజు. డిపాజిట్ ఎప్పుడు, ఎంత కోసుకుని తిరిగి ఇస్తారో కాగితం మీద చూసుకోండి. ఆస్తి అడిగే చోటైతే కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి. నేను చూసినంతవరకు ఇల్లు రాయించుకుని చూడకపోయేది ఎక్కువగా ఇంట్లోవాళ్ళే. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి మోసపోయినవాళ్ళు ఆ రాసిచ్చినదాన్ని రద్దు చేయించుకోవడానికి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

"చెకప్ అని చెప్పి తీసుకొచ్చేస్తాం, మీరు మెల్లగా అలవాటు చెయ్యండి" అనేవాళ్ళకు మాత్రం నేను ఒప్పుకోను. మతిమరుపు బాగా ముదిరినవాళ్ళ సంగతి వేరు. తెలివి ఉన్న మనిషికి అబద్ధం చెప్పి తెస్తే, ఆవిడ ఆ తర్వాత మేమిచ్చే మాత్రని కూడా నమ్మదు. రెండు వారాలు ఉండి చూడమని నిజం చెప్పి తీసుకురండి. నచ్చకపోతే తీసుకెళ్ళండి.

ఇక చుట్టాలు "వదిలేశారు" అంటారన్న భయం. దీనికి నేను విసుక్కోలేను. ఆఫీసు రూమ్‌లో కూర్చుని ఏడ్చిన కొడుకుల్ని, కోడళ్ళని చాలామందిని చూశాను. ఒకటే చెప్తాను, వదిలేయడానికి దూరంతో పని లేదు. మియాపూర్‌లో ఉండి రెండు నెలలకోసారి కూడా రానివాళ్ళున్నారు. డాలస్‌లో ఉండే ఒకబ్బాయి అక్కడ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాడు, మాకు ఉదయం ఏడున్నర, ఇడ్లీ టైమ్. వాళ్ళమ్మ ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి, చట్నీలో కారం ఎక్కువైందని వాడికి చెప్తూ తింటుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి ఫోన్ ఎనిమిదిన్నరకి వస్తుంది. నిరుడు ఆ వారమంతా ఇడ్లీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు, టెన్షన్‌తో బీపీ కూడా పెరిగింది. ఈసారి ఆవిడ క్యాలెండర్‌లో ఆ సోమవారం గడిలో ముందే పెద్దక్షరాలతో రాసిపెట్టాను: "బాబు గంట లేటుగా చేస్తాడు. ముందు తినండి."