పెరుగును అరిగించే అనాస

మిగిలిన పెరుగులో నాలుగు అనాస ముక్కలు వేసి, చక్కెర కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టారట. పొద్దున చూస్తే పెరుగు నీళ్లొదిలి పలచబడింది, నోట్లో పెడితే చేదు. పాడైంది పెరుగా, పండా అని ఒక పాఠకురాలు అడిగారు. రెండూ కాదు. పెరుగులోని ప్రొటీన్‌ను అనాస అరిగించడం మొదలుపెట్టింది, అంతే. నిజంగా పాడైతే సాధారణంగా బూజు కనిపిస్తుంది, లేదా పులిసిన కల్లు వాసనతో బుడగలు తేలుతాయి.

అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైముల గుంపు ఉంది. ప్రొటీన్‌ను పొడవాటి పూసల దండ అనుకుందాం. పూసలు అమైనో ఆమ్లాలు. పూసకూ పూసకూ మధ్య ముడి పెప్టైడ్ బంధం. ఆ ముడిని తెంపే కత్తెర బ్రోమెలైన్. దాని పదును సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకంలో ఉంది: గంధకం ముడిలోని కార్బన్‌ను పట్టుకుంటుంది, దండ తెగుతుంది, నీటి అణువు వచ్చి కత్తెరను విడిపిస్తుంది. విడిపడ్డ కత్తెర ఇంకో ముడి మీదికి పోతుంది. గిన్నెడు పెరుగుకు నాలుగు ముక్కలు ఎందుకు సరిపోయాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎంజైమంటే తాళం, తాళంచెవి బొమ్మ గీయించి వదిలేసే పాఠాల్లో ఈ సంగతి ఎక్కడా కనపడదు.

మరి చేదెక్కడిది? దండలో నీళ్లంటే గిట్టని పూసలు కొన్ని ఉంటాయి: లూసిన్, ఫినైలలనిన్, ప్రోలిన్ వంటివి. పాల ప్రొటీన్ కేసీన్‌లో వీటికి కొదవ లేదు. ఆవుపాల బీటా-కేసీన్‌లో 209 పూసలుంటే 35 ప్రోలిన్లే. దండ నిండుగా ఉన్నంతసేపు నాలుక మీద చేదును పసిగట్టే గ్రాహకాలకు అది అందదు, అంత పెద్దది. తెగిన పొట్టి తునకలు మాత్రం వాటిలో చక్కగా ఇముడుతాయి. చేదు ఆ తునకలదే. పాలూ పండూ కలిస్తే విషమనే మాట ఇలాంటి అనుభవంలోంచే పుట్టిందేమో! చేదు నిజమే, విషం మాత్రం కాదు.

ఫ్రిజ్ చలికి కత్తెర నెమ్మదిస్తుంది గానీ ఆగదు. గడ్డకట్టించినా చావదు, కరగగానే మళ్లీ మొదలు. దానికి మందు వేడి ఒక్కటే. 200 గ్రాముల అనాసను 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు, ఒక స్పూను చక్కెరతో మూతపెట్టి మధ్యస్థంగా మంట ఉంచండి. రసం ఉడుకు పట్టాక 5 నిమిషాలు కదుపుతూ ఉంచితే చాలు. ముక్కలు పెద్దవైతే నడిమధ్య వేడెక్కదు, అక్కడ ఎంజైము బతికిపోతుంది. పూర్తిగా చల్లారాకే పెరుగులో కలపాలి. వేడి మీద కలిపితే పెరుగు విరిగి నీళ్లు ఊరతాయి, ఆ తప్పు అనాసది కాదు. డబ్బాలో వచ్చే అనాసను ముందే వేడిచేస్తారు కాబట్టి దానితో ఈ తంటా ఉండదు. వండే ఓపిక లేకపోతే పచ్చి ముక్కలు తినేముందు కలుపుకోండి.

కివీలో ఆక్టినిడిన్, బొప్పాయిలో పపైన్, అంజూరలో ఫైసిన్ చేసేదీ ఇదే పని. బొప్పాయి పచ్చిగా ఉన్నప్పుడు పపైన్ ఎక్కువ, పండేకొద్దీ తగ్గుతుంది.

మిగిలిన అన్నంతో అయితే పచ్చి అనాసకు భయపడక్కర్లేదు. అన్నంలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం, అది వేరే రకం దండ, ఈ కత్తెరకు తెగదు. అక్కడ జాగ్రత్త వేరు: వండిన రెండు గంటల్లోపే అన్నాన్ని పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటి రూపాలు) ఉడికినా చావవు. బయట వదిలేస్తే అవి మొలకెత్తి వదిలే ఒక విషం మళ్లీ వేయించినా పోదు.

కత్తెర పని కళ్లారా చూడాలంటే జెల్లీని గడ్డకట్టించే జెలటిన్ పొడిని 5 గ్రాములు 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి రెండు గిన్నెల్లో పోయండి. గోరువెచ్చగా అయ్యాక ఒకదాంట్లో పచ్చి అనాస, రెండోదాంట్లో ఉడికించి చల్లార్చినది వేసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. జెలటిన్ కూడా ప్రొటీనే కాబట్టి పచ్చిది వేసిన గిన్నె నీళ్లగానే ఉండిపోతుంది. రెండూ గడ్డకట్టాయంటే ముక్కలు వేసేటప్పటికి జెలటిన్ ఇంకా వేడిగా ఉందన్నమాట.