కాగితం మీద 28 గిగావాట్లు, బాయిలర్ దగ్గర ఎన్ని?

ఒక యూనిట్ కరెంటుకు ఎంత ఊక కావాలి? పంట వ్యర్థాలను కాల్చి కరెంటు తీసే చిన్న బయోమాస్ ప్లాంట్ బతుకంతా ఈ ఒక్క అంకెలోనే ఉంటుంది. ఎండిన ఊక కిలో కాలితే సుమారు 3,200 కిలోకేలరీల వేడి వస్తుంది. యూనిట్ కరెంటంటే 860 కిలోకేలరీలు. కాబట్టి కిలోకు మూడున్నరకు పైగా యూనిట్లు రావాలనిపిస్తుంది. కానీ 6 మెగావాట్ల ప్లాంట్‌లో ఆ వేడిలో 22 శాతం దాకానే కరెంటుగా మారుతుంది. మిగతాది పొగగొట్టంలోంచీ కూలింగ్ టవర్‌లోంచీ పోతుంది. ఫ్యాన్లు, పంపులు తినే పదో వంతు కూడా తీసేస్తే గ్రిడ్‌కెక్కే ఒక్కో యూనిట్‌కు 1.35 కిలోల ఊక పడుతుంది. ఊక ధర కిలోకు రూపాయి పెరిగితే యూనిట్ ఖర్చు రూపాయి ముప్పై ఐదు పైసలు పెరుగుతుంది. కరెంటు అమ్మే రేటేమో ఒప్పందంలో బిగుసుకుపోయి ఉంటుంది.

ఇదే కొలతతో దేశం లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అధ్యయనం ప్రకారం, మేతకూ ఇతర వాడకాలకూ పోను దేశంలో ఏటా మిగిలే పంట వ్యర్థాలు సుమారు 22.8 కోట్ల టన్నులు. వీటితో 28 గిగావాట్ల (28 వేల మెగావాట్ల) ప్లాంట్లు నడపొచ్చన్నది అంచనా. పంచదార మిల్లులు చెరుకు పిప్పితో తీసే కరెంటు దీనికి అదనం. 22.8 కోట్ల టన్నులను మన 1.35తో భాగిస్తే దాదాపు 17 వేల కోట్ల యూనిట్లు వస్తాయి. దేశమంతా ఏటా తయారయ్యే కరెంటు 1.8 లక్షల కోట్ల యూనిట్లు. అంటే ఇంచుమించు పదో వంతు. తీసిపారేసే అంకె కాదు. కాకపోతే ఈ లెక్క నిలవాలంటే పొలంలో మిగిలిన ప్రతి గడ్డిపోచా బాయిలర్‌లో పడాలి.

ఊక సంగతి నయం. రైస్ మిల్లు దగ్గరే ఒక్కచోట పోగవుతుంది. ధాన్యం బరువులో అయిదో వంతు అదే. అయితే దాన్ని ఉప్పుడు బియ్యం మిల్లు తన బాయిలర్‌కే వాడుకుంటుంది, ఇటుక బట్టీలు కొనుక్కుపోతాయి. నిజంగా మిగిలేది వరిగడ్డి, పత్తి కట్టె, మిరప కట్టె. ఇవి ఊళ్ల మీద చెల్లాచెదురుగా ఉంటాయి. విడి గడ్డి ఘనపు మీటరుకు 50 కిలోలు తూగడం కష్టం. నలభై ఘనపు మీటర్లు పట్టే లారీలో రెండు టన్నులే ఎక్కుతాయి, డీజిలు మాత్రం దాదాపు నిండు లారీకి అయినంతే. బేలర్‌తో కట్టలు కట్టిస్తే బరువు రెండు మూడింతలవుతుంది. కానీ హార్వెస్టర్ కోతకూ తర్వాతి పంటకూ మధ్య ఉండే గడువు రెండు మూడు వారాలు. కోతకు ముందే మినుము చల్లేసిన డెల్టా చేలల్లోకి బేలర్ దింపితే మొలక నలిగిపోతుంది.

తేమ మరో దొంగ. గడ్డిలో తేమ 10 నుంచి 30 శాతానికి పెరిగితే కిలోకు వచ్చే వేడి పావు వంతు పడిపోతుంది. తడి గడ్డివాము లోలోపల సూక్ష్మజీవుల వల్ల వేడెక్కి ఒక్కోసారి తనంతట తనే అంటుకుంటుంది కూడా.

బాయిలర్‌లోకి వెళ్లాక అసలు తంటా బూడిదతో. వరిగడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పొటాషియం సిలికాతో కలిస్తే 800 డిగ్రీల లోపే మెత్తబడి జిగురులా మారుతుంది. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో (కింది నుంచి గాలి ఊది తేలించే వేడి ఇసుకలో ఇంధనాన్ని కాల్చే పొయ్యి) ఇసుక రేణువులు దానికి అతుక్కుని గడ్డకడతాయి. గాలి ఆడక ప్లాంట్ ఆగుతుంది. క్లోరినేమో ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబులను తినేస్తుంది. అందుకే గడ్డి కాల్చేచోట ఆవిరి ఉష్ణోగ్రతను తగ్గించి నడుపుతారు, దాంతో సామర్థ్యమూ తగ్గుతుంది. ఇందులో ఒక వింత ఉంది. చేలో వానకు తడిసి మళ్లీ బాగా ఆరిన గడ్డిని పశువు ముట్టదు, బాయిలర్‌కు మాత్రం అదే మేలు. పొటాషియం, క్లోరిన్ చాలావరకు వాననీటితో కొట్టుకుపోయి ఉంటాయి.

ఇన్ని చిక్కులతో కొత్తగా చిన్న ప్లాంట్లు కట్టడం కన్నా, గడ్డిని పెల్లెట్లుగా (గట్టి గుళికలుగా) నొక్కి, ఇప్పటికే ఉన్న థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో కలపడమే తెలివైన పని. పెల్లెట్ ఘనపు మీటరుకు 600 కిలోలు తూగుతుంది. మన బొగ్గులో బూడిదే మూడో వంతుకు మించి ఉంటుంది కనుక వేడి విషయంలో పెల్లెట్ దానికి పెద్దగా తీసిపోదు. పెద్ద యూనిట్ సామర్థ్యం 35 శాతం దాటుతుంది, అంటే అదే గడ్డికి ఒకటిన్నర రెట్ల కరెంటు. థర్మల్ కేంద్రాలు 5 శాతం కలపాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది కూడా. జాగ్రత్త పడాల్సింది బొగ్గును పొడి చేసే మిల్లు దగ్గర. పెల్లెట్‌లో మూడింట రెండొంతులు త్వరగా ఆవిరై అంటుకునే పదార్థమే కాబట్టి మిల్లులోకి పంపే గాలి వేడి తగ్గించకపోతే నిప్పు అక్కడే రాజుకుంటుంది.

ఎండినది పొయ్యికి, పచ్చిది గ్యాస్ తొట్టికి. పేడను ఎండబెట్టి కాల్చడం దండగ. నాలుగైదు పశువుల 50 కిలోల పేడకు అంతే నీళ్లు కలిపి రోజూ పోస్తే 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ వస్తుంది. నెలకు దాదాపు రెండు వంట సిలిండర్లతో సమానం. హఠాత్తుగా హోటల్ వ్యర్థాలు కుమ్మరిస్తే ఆమ్లం పెరిగి మండే గ్యాసైన మీథేన్‌ను చేసే సూక్ష్మజీవులు మూలపడతాయి. గ్యాస్ వస్తుంది గానీ మండదు. అప్పుడు తొట్టిలో కొత్తగా పోయడం ఆపి, కాస్త సున్నపు నీళ్లు కలిపి, పాత స్లర్రీతో (గ్యాస్ తీశాక మిగిలే పలుచని పేడ ద్రవంతో) మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి.

ఇదే గ్యాస్‌ను శుద్ధి చేసి వాహనాలకు అమ్మాలన్నది కేంద్రం 2018లో తెచ్చిన సతత్ పథకం. 2023 కల్లా 5,000 ప్లాంట్లన్నారు, గడువుకు వంద కూడా లేవలేదు. కారణాల్లో స్లర్రీ ఒకటి. అందులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. లారీకెత్తితే కొంత దూరం పోయేసరికే కిరాయి ఎరువు విలువను మించిపోతుంది. అందుకని స్క్రూ ప్రెస్‌తో పిండి, గట్టి భాగాన్ని ఆరబెట్టి బస్తాల్లో అమ్ముతారు. పిండిన నీటిని తిరిగి తొట్టికే పంపుతారు. అదీ ఎల్లకాలం కుదరదు. తిప్పిన కొద్దీ అమ్మోనియా పేరుకుపోతుంది కాబట్టి కొంత నీటిని పక్క చేలకు వదిలిపెట్టక తప్పదు.